తోపు అచ్చు, కాలి అచ్చు

ఆబిడ్స్‌లో బస్సు దిగి గన్‌ఫౌండ్రీ ఎటని అడిగితే ఎవరైనా చెయ్యెత్తి చూపిస్తారు. ఆ పేరెందుకొచ్చిందని అడిగితే మాత్రం చాలామంది తల గోక్కుంటారు. పాతవాళ్ల నోట ఆ చోటుకు ఇంకో పేరుంది: తోప్ కా సాంచా. తోపు అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. రెండో ఆసఫ్ జా నిజాం అలీఖాన్ కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్దం చివర్లో ఇక్కడ కొలిమి పెట్టించి ఫిరంగులు పోయించాడు. ఫతేమైదాన్ పక్క సందులో ఆనాటి కట్టడం తాలూకు ఎత్తైన గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. చుట్టూ బ్యాంకులు, బట్టల దుకాణాలు, బండి మీద మిర్చి బజ్జీలు. మహబూబియా బడి వదిలాక ఆడపిల్లలు గుంపులుగా నడిచిపోయే దారికి కూతవేటు దూరంలో ఒకప్పుడు కరిగిన లోహం అచ్చుల్లోకి పారింది.

రక్షణ పరిశ్రమ అనగానే హైదరాబాదు వాళ్ల చూపు కంచన్‌బాగ్ వైపు పోతుంది. 1962లో ఈ ఊరికి వచ్చిన క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్, 1970లో పుట్టిన భారత్ డైనమిక్స్, 1973లో పుట్టిన మిధాని అన్నీ ఆ చుట్టుపక్కలవే. కానీ ఊరికి ఈ పని కొత్త కాదు. అంతకు నూటయాభై ఏళ్లకు పైగా ముందే ఇక్కడ, ఇప్పటి ఆబిడ్స్ పక్కన, తోపుల కార్ఖానా నడిచింది. దాన్ని పెట్టించినవాడి సంగతి ఇంకా చిత్రం. రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లిషువాళ్లు అతని పటాలం చేత ఆయుధాలు కింద పెట్టించారు. ఆ తోపులు ఏమయ్యాయో ఊరు పట్టించుకోలేదు. మనిషిని మాత్రం మరిచిపోలేదు. హిందువులు మూసారాం అన్నారు, ముస్లిములు మూసారహీం అన్నారు. మూసారాంబాగ్ అన్న పేరు అలా నిలిచింది. మలక్‌పేట దగ్గరి గుట్ట మీద అతని సమాధి దగ్గర చాలాకాలం ఏటా ఉర్సు కూడా జరిగింది. ఫిరంగులు పోయించినవాణ్ణి ఊరు ఫిరంగుల కోసం గుర్తుపెట్టుకోలేదు. ఆయుధం చేసేవాడు ఊరికి ఇంకేం చేశాడన్నది జనం వేరే ఖాతాలో రాసుకుంటారు.

మన కాలంలో ఆ ఖాతాలో రాసుకోదగ్గ వస్తువు ఒకటుంది. బరువు 300 గ్రాములు. పేరు ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్. ఆసుపత్రుల్లో ఎఫ్ఆర్ఓ అంటారు, ఇళ్లల్లో ఉత్త కాలిపర్ అంటారు. క్షిపణులు చేసే ప్రయోగశాల నుంచి పోలియో పిల్లల కాలికి చేరిన వస్తువు ఇది. దీని కథ చాలామంది విన్నదే. అబ్దుల్ కలాం ఎన్నో సభల్లో చెప్పారు. విన్నవాళ్లకు ఆ తల్లిదండ్రుల కన్నీళ్లు గుర్తుండిపోయాయి. వస్తువులోని పనితనం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఈ పరిచయం ఆ పనితనానికే.

ముందు పాత కాలిపర్ ఎలా ఉండేదో చెప్పాలి. మా చిన్నమ్మకు రెండేళ్ల వయసులో పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది. ఆమె కాలిపర్ నాకు కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. నల్ల తోలు బూటు, దాని మడమలోంచి లేచి కాలికి అటూ ఇటూ తొడదాకా పోయే రెండు ఇనుప కడ్డీలు, పిక్కకొకటి తొడకొకటి తోలు పట్టీలు. మోకాలి దగ్గర కడ్డీకి కీలు, దాని మీద జారే రింగు. నిలబడగానే రింగు కిందికి జారి కీలు బిగుసుకునేది. టక్. కూర్చోవాలంటే చీరమీంచే వేళ్లతో తడుముకుని రింగు పైకి లాగాలి. మళ్లీ టక్. పాలెస్ టాకీసులో సినిమాకు వెళ్తే ఇంటర్వెల్ అయిందని మా వరసకు ముందుగా తెలిసేది ఆ చప్పుడుతోనే. ఒకసారి బూటు అడుగు ఊడిపోతే బాగు చేయించడానికి తీసుకెళ్తూ, దారిలో కిరాణా కొట్టు తక్కెట్లో దాన్ని తూచాం. రెండు కిలోల రాయి, అరకిలో రాయి, రెండు వందల గ్రాములది. "అంటే రెండు కిలోల ఏడు వందల కందిపప్పు కాలికి కట్టుకుని తిరుగుతున్నానన్నమాట" అని చిన్నమ్మ నవ్వింది.

ఇంటికి రాగానే దాన్ని విప్పి గోడకు ఆనించేది. ఇంట్లో నడిచేటప్పుడు ఒంగి, కుడిచేత్తో కుడితొడను వెనక్కి నొక్కి, అడుగేసేది. నొక్కకపోతే మోకాలు మడత పడి కూలిపోతుంది. పోలియో వచ్చిన కాళ్లతో అలా నడిచేవాళ్లను మనలో చూడనివాళ్లు ఉండరు. మనం కాలినే చూసేవాళ్లం. నిజానికి అక్కడ పోయింది కాలొక్కటే కాదు, చెయ్యి కూడా. చిన్నమ్మ కుడిచెయ్యి ఎప్పుడూ కాలికి అప్పులో ఉండేది. నిండు గ్లాసు పట్టుకుని వంటింట్లోంచి ముందు గదిలోకి ఆమె రావడం నేను ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడు కంచన్‌బాగ్ వెళ్దాం. 1982 నుంచి పదేళ్లపాటు డీఆర్‌డీఎల్‌కు కలాం డైరెక్టరు. 1989 మే 22న చాందీపూర్ తీరం నుంచి అగ్ని మొదటిసారి లేచింది. వాతావరణం దాటి పైకి పోయి తిరిగి వాతావరణంలోకి దూసుకొచ్చే క్షిపణి అది. ఆ రాకలో దాని ముక్కు వేల డిగ్రీల వేడిని తట్టుకోవాలి. తట్టుకుంటే చాలదు, తేలిగ్గా కూడా ఉండాలి. ముక్కు దగ్గర పెరిగిన ప్రతి గ్రాముకూ అడుగున ఇంధనం కావాలి, ఆ ఇంధనాన్ని మోయడానికి ఇంకా ఇంధనం కావాలి. అందుకే ఆ ప్రయోగశాలలో గ్రాము అన్నది బంగారం కొట్లో వినిపించినంత గట్టిగా వినిపించే మాట. ఇనుముకు బదులు కాంపోజిట్లు అక్కడికి వచ్చింది ఆ అవసరంతోనే.

కాంపోజిట్ అంటే మన ఊళ్లకు తెలియని విద్యేమీ కాదు. మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కుతారు. మట్టి ఒక్కటే అయితే బీటలు వారుతుంది, గడ్డి ఒక్కటే అయితే నిలబడదు. రెండూ కలిస్తే గోడ. గడ్డి బదులు గాజునార, కార్బన్ నార, మట్టి బదులు రెజిన్ అనుకుంటే కాంపోజిట్ అయింది. ఇందులో ఉన్న చమత్కారం ఒకటే. ఇనుప కడ్డీకి అన్ని వైపులా ఒకే బలం, అవసరం లేని వైపు కూడా. నారను మాత్రం బరువు ఏ వైపు పడుతుందో ఆ వైపుకే పరచుకోవచ్చు. అక్కర్లేని చోట బలం పెట్టరు కనుక అక్కర్లేని బరువూ ఉండదు.

నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకరు ప్రయోగశాల చూడ్డానికి వచ్చి అలాంటి ముక్క ఒకటి చేత్తో ఎత్తి చూశారు. ఎంత తేలికో అని ఆశ్చర్యపోయారు. ఆయన ఆశ్చర్యం అక్కడితో ఆగలేదు. కలాంను తన ఆసుపత్రికి తీసుకెళ్లి, మూడేసి కిలోల లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలను చూపించారు. మూడు వారాల్లో ప్రయోగశాల వాళ్లు 300 గ్రాముల కాలిపర్లు చేసి పట్టుకెళ్లారు. తన జీవితంలో దక్కిన గొప్ప ఆనందాల్లో దీన్ని ఒకటిగా కలాం చెప్పుకునేవారు. ఎత్తి చూసిన చెయ్యి డాక్టరుది కాబట్టి ఇది జరిగిందని నాకనిపిస్తుంది. ఆ ముక్కను అంతకు ముందు ఎంతమంది ఇంజనీర్లు ఎత్తలేదు! వాళ్లకు అందులో క్షిపణి బరువు తెలిసింది. ఆయనకు పొద్దున వార్డులో చూసిన పిల్ల బరువు తెలిసింది.

మూడు కిలోలు మూడు వందల గ్రాములు ఎలా అయింది? పదార్థం మారడం వల్ల అనే అందరూ అనుకుంటారు. అది సగం జవాబు. రెండో సగం ఆకారంలో ఉంది, అసలు అందం అక్కడే ఉంది. పాత కాలిపర్ తొడదాకా పోయేది. ఎఫ్ఆర్ఓ మోకాలి కిందే ఆగిపోతుంది. దానికి కడ్డీల్లేవు, కీళ్లు లేవు, రింగు లేదు, టక్ అన్న చప్పుడు లేదు. మరి బలం లేని మోకాలిని ఎవరు పట్టుకుంటారు? నేల పట్టుకుంటుంది.

మాటవరసకు అన్నది కాదు. మనం నేలను ఎంత బలంతో తొక్కుతామో నేల మనల్ని అంతే బలంతో ఎదురు నెడుతుంది. ఆ ఎదురు బలం గీత మోకాలికి వెనకగా పోతే మోకాలు మడత పడుతుంది. ముందుగా పోతే మోకాలు నిటారుగా బిగుస్తుంది. మామూలు కాలిలో తొడ ముందరి కండరం మడత పడకుండా కాపాడుతుంది. పోలియో ఆ కండరాన్నే తినేస్తుంది. ఎఫ్ఆర్ఓ చేసే పనల్లా ఆ గీతను కొంచెం ముందుకు జరపడం. చీలమండను కదలకుండా, మునివేళ్లు రవ్వంత కిందికి వంగేలా బిగిస్తుంది. మోకాలి చిప్ప కింద, కాలి ముందువైపు ఒక డిప్ప ఉంటుంది. మనిషి బరువు వేయగానే పాదం నేలకు ఆనాలని చూస్తుంది, చీలమండ కదలదు, దాంతో ముందున్న డిప్ప ముంజంఘను, అంటే మోకాలి కింద ముందరి ఎముకను, వెనక్కి నెడుతుంది. మోకాలు నిటారుగా నిలుస్తుంది. చిన్నమ్మ కుడిచెయ్యి తొడ మీద చేసిన పనిని డిప్ప మోకాలి కింద చేస్తుంది. ఒంటి బరువు ఎంత పడితే పట్టు అంత గట్టిది. కాలు గాల్లోకి లేవగానే పట్టు తనంతట తనే వదిలిపోతుంది. కూర్చుంటే మోకాలు మామూలుగా మడుచుకుంటుంది.

ఈ సూత్రం కంచన్‌బాగ్‌లో పుట్టింది కాదు. ఆ వైద్యం చేసేవాళ్లకు అప్పటికే తెలుసు. ప్రయోగశాల చేసింది, ఆ సూత్రానికి తగినంత తేలికైన, తగినంత గట్టి ఒళ్లు ఇవ్వడం. ఇక్కడ గట్టిదనం ముఖ్యం. ముందు డిప్ప నుంచి పాదం దాకా ఒకే ముక్కలా ఉండాలి. చీలమండ దగ్గర కాస్త వంగినా నేల ఇచ్చిన బలమంతా అక్కడే కారిపోతుంది. క్షిపణి తొడుగును అడిగేది కూడా ఇదే కదా: బరువుండకు, వంగకు.

ఇది అందరికీ సరిపడదు. మోకాలు ఇప్పటికే వంగి బిగుసుకుపోయి ఉంటే, పూర్తిగా చాచలేకపోతే, నేల సాయం చెయ్యలేదు. అలాంటి కాలికి ముందు ఆపరేషను కావాలి, లేదా పాత పద్ధతి కాలిపరే గతి. చిన్నమ్మ దాకా ఈ తేలిక కాలిపర్ సంగతి వచ్చేసరికి ఆమెకు నలభై దాటింది, మోకాలు చాలా ఏళ్ల కిందటే వంగి బిగుసుకుపోయింది. డాక్టరు చూసి కుదరదన్నారు. నమూనాగా బల్ల మీద ఉన్నదాన్ని ఆమె రెండువేళ్లతో ఎత్తి, "ఇది మనిషిని మోస్తుందా?" అని మాత్రం అడిగింది. తర్వాత తన ఇనుపదాన్ని బిగించుకుని లేచింది. టక్.

ఈ వస్తువు ఎలా తయారవుతుందో చూడాలని నాంపల్లి సందుల్లో ఒక చిన్న వర్క్‌షాపులో మూడు రోజులు కూర్చున్నాను. ముందు గదిలో ఒక బల్ల, పట్టుకుని నడవడానికి రెండు గొట్టాలు. వెనక గదిలో ఓవెన్, పీట, గోడ నిండా వేలాడే తెల్లటి కాళ్లు. అన్నీ ప్లాస్టర్ కాళ్లు. అందరూ ఉస్తాద్ అని పిలిచే పెద్దమనిషి ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు. ఇప్పుడు పోలియో పిల్లలు రారని చెప్పాడు. దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో బయటపడింది, 2014 మార్చిలో పోలియో లేని దేశమన్న గుర్తింపు వచ్చింది. ఇప్పుడు వచ్చే పిల్లలు ఎక్కువగా సెరెబ్రల్ పాల్సీ వాళ్లు. పోలియోతో వచ్చేది అప్పటి పిల్లలే, ఇప్పుడు నడివయసుకు వచ్చినవాళ్లు. మొదటి రోజు వచ్చినాయన అలాంటివాడే. ఆబిడ్స్‌లో జిరాక్సు కొట్టు నడుపుతాడు. తొడ మీద చెయ్యి నొక్కుకుంటూ లోపలికి వచ్చాడు. మోకాలు మాత్రం చక్కగా చాచగలడు. ఉస్తాద్ ముందు చూసింది అదే.

కాలికి పల్చటి మేజోడు తొడిగి, తడిపిన కాపీయింగ్ పెన్సిలుతో దాని మీద గుర్తులు పెట్టాడు: చీలమండ ఎముకలు రెండు, ముంజంఘ అంచు, మోకాలి చిప్ప కింది గీత, మోకాలికి బయటివైపు చిన్న బుడిపె. ప్లాస్టర్ పట్టీలు నీళ్లలో ముంచి చుట్టి, ఆరేదాకా పాదాన్ని ఒక కోణంలో తన అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. నాలుగైదు నిమిషాలు మాట లేదు. ఆ కోణమే మొత్తం వస్తువు. రెండు డిగ్రీలు ఇటైతే మోకాలు నిలవదు, రెండు డిగ్రీలు అటైతే వెనక్కి విరుచుకుపోయి కొన్నేళ్లలో కీలు పాడవుతుంది. కోణమానిని పక్కనే ఉంది, అది తర్వాత సరిచూసుకోవడానికి.

ఆరిన తొడుగును కోసి తీసి, అందులో ప్లాస్టర్ పోసి, మధ్యలో ఇనుప ఊచ గుచ్చాడు. గట్టిపడ్డాక ఒలిస్తే ఆ మనిషి కాలే తెల్లగా బయటికి వచ్చింది, నీలం గుర్తులతో సహా. సాంచా అంటే ఇదే. తోపుకైనా కాలికైనా ముందు ఖాళీని తయారు చేయాలి, ఆ ఖాళీ సరిగ్గా ఉంటే వస్తువు సరిగ్గా ఉంటుంది. తేడా తర్వాత వస్తుంది. కొలత ఒక్కటి కుదిరితే ఫిరంగులు ఎన్నయినా ఒకేలా పోసుకోవచ్చు. కాలి అచ్చు ఒక్క మనిషికే. ఆ మనిషికే అయినా ఎడమది కుడికి పనికిరాదు, పిల్లలకైతే నిరుటిది ఈ ఏటికి పనికిరాదు.

మర్నాడు ఆకురాయి తీశాడు. తెల్ల కాలిని కొన్నిచోట్ల గీరాడు, కొన్నిచోట్ల తడి ప్లాస్టర్ పూసి ఎత్తు చేశాడు. "ఇక్కడ గీరితే ఓర్చుకుంటుంది సార్" అన్నాడు, చిప్ప కింది స్నాయువు మీద వేలు పెట్టి. అక్కడే డిప్ప గట్టిగా ఆనాలి. తర్వాత బయటివైపు బుడిపె చూపించాడు. "ఇక్కడ ఒక్క నూలు తగ్గినా రాత్రి నిద్ర ఉండదు. కింద నరం పోతుంది. నరం నలిగిందంటే ఉన్న పాదం కూడా వేలాడుతుంది." ఎక్కడ గీరాలో ఎక్కడ పూయాలో ఏ కాగితం మీదా రాసుకోలేదు. గీరినచోట బొటనవేలితో రాసి చూసుకుంటున్నాడు, పూసినచోట ఊది చూసుకుంటున్నాడు.

ఓవెన్‌లో తెల్లటి పాలీప్రొపిలీన్ షీటు పెట్టాడు. కాగేకొద్దీ పాలలా ఉన్నది నీళ్లలా తేటపడుతుంది. మిఠాయి కొట్లో పాకం చూసుకున్నట్టు చూస్తున్నాడు. తేటపడగానే ఇద్దరు పట్టుకుని అచ్చు మీద పరిచి, అంచులు అతికించి, వాక్యూమ్ పెట్టారు. బుస్సుమని గాలి పోయి షీటు కాలికి చర్మంలా అంటుకుంది. రాత్రంతా కదిలించకూడదట. తొందరపడి తీస్తే చల్లారుతూ వంకరపోతుంది. వాడే షీటు క్షిపణి ప్రయోగశాల కాంపోజిట్ కాదు, బజారులో దొరికేదే. కానీ బరువు దగ్గర ఉస్తాద్ పిసినారితనం అక్కడిదే. చివర్లో అంచులు కోసేటప్పుడు బలానికి అక్కర్లేని చోటల్లా తీసేశాడు. తీసేసిన ముక్కలు చేతిలో ఎగరేసి, "ఇంత బరువు ఆయన జేబులో మిగిలింది" అన్నాడు.

రక్షణ విద్య ఈ చుట్టుపక్కలే మరో దారిలోనూ నడిచింది. నిమ్స్‌లో ఉండగానే కలాంతో చెయ్యి కలిపిన గుండె డాక్టరు బి. సోమరాజు 1997లో నాంపల్లి ఎగ్జిబిషన్ రోడ్డులో కేర్ ఆసుపత్రి మొదలుపెట్టారు. పూడుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచి పట్టుకునే చిన్న లోహపు జాలీ గొట్టాన్ని స్టెంట్ అంటారు. దిగుమతి ధర మధ్యతరగతికి అందని 1990లలో ఇద్దరూ కలిసి తక్కువ ధరకు తెచ్చిన స్టెంటుకు కలాం-రాజు స్టెంట్ అని పేరు. క్షిపణుల కోసం లోహాలతో పనిచేసిన చేతులు ఇందులోనూ ఉన్నాయి. రోగికి స్టెంట్ ధర భారం కాకూడదన్న ఆ ఆలోచన, చాలా ఏళ్ల తర్వాత, 2017 ఫిబ్రవరిలో దేశమంతటా స్టెంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించిన ప్రభుత్వ ఉత్తర్వుగా వచ్చింది. నాంపల్లి స్టేషన్లో ఆగిన రైలు పెట్టె కింద వేలాడే బయోటాయిలెట్ తొట్టె కూడా రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ విద్యే. మంచుకొండల్లో సైనికుల కోసం మొదలైన ఆలోచన పట్టాల మీద మలం పడకుండా చేసింది. దాన్ని ఎవరూ వంగి చూడరు. చూడాల్సిన అవసరం లేకపోవడమే దాని గొప్ప.

ఇక ఆయుధాలు చేసేవాళ్ల బాధ్యత అన్న మాట దగ్గరికి వద్దాం. ఆయుధాల వ్యాపారంలో నీతి అంటే మా తరానికి ముందు గుర్తొచ్చేది బోఫోర్స్. 1986లో 410 హోవిట్జర్ల ఒప్పందం, మరుసటి ఏడు ఏప్రిల్లో స్వీడన్ రేడియో ముడుపుల కథనం, ఆ తర్వాత ఏళ్లూ పూళ్లూ దుమారం. 1999లో కార్గిల్ కొండల్లో అదే తోపు చక్కగా పనిచేసింది. వస్తువు మంచిదైనంత మాత్రాన బేరం మంచిదని కాదు. అందుకే పనితనాన్ని మెచ్చుకునేవాడు కూడా ఖాతా పుస్తకం అడగాలి. ఇప్పుడు ప్రభుత్వ రంగ సంస్థలు పెద్ద టెండర్లలో లంచం ఇవ్వం, తీసుకోం అని ఇంటెగ్రిటీ పాక్ట్ మీద సంతకాలు చేయించుకుంటున్నాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ఇంకో మెట్టు పైకి వెళ్లింది. 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ గడిచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. క్షిపణులు చేసే కంపెనీకైనా సబ్బులు చేసే కంపెనీకైనా లెక్క ఒకటే. బడికి గదులు, ఊరికి నీళ్లు, ఆసుపత్రికి అంబులెన్సు, ఇవన్నీ ఆ డబ్బుతో వస్తున్నాయి. అవసరమైనవే.

కానీ 300 గ్రాముల కాలిపర్ పక్కన పెడితే ఆ 2 శాతం కాస్త చిన్నబోతుంది. రూపాయి ఎవరు ఇచ్చినా రూపాయే. సబ్బుల కంపెనీ కట్టించిన బడిగదికీ ఆయుధాల కంపెనీ కట్టించిన బడిగదికీ తేడా లేదు. కాలిపర్ అలా కాదు. గ్రాములు లెక్కపెట్టే అలవాటు, వంగని తొడుగు చేసే విద్య, మళ్లీ మళ్లీ పరీక్షించి గానీ వదలని క్రమశిక్షణ ఉన్న చోట నుంచే అది రావాలి. వాళ్లు తమ దగ్గర మిగిలింది ఇవ్వలేదు, తమకు బాగా వచ్చింది ఇచ్చారు. మన వాడుకలో చెప్పాలంటే కమ్మరి దానం చేస్తే నాగలి కర్రు చేసివ్వాలి గానీ బొగ్గులమ్మిన డబ్బు కాదు.

దీన్ని ఎక్కడిదాకా పొగడాలో కూడా తెలిసుండాలి. కాలిపర్ క్షిపణికి ప్రాయశ్చిత్తం కాదు. క్షిపణి ఎందుకు, ఎవరి మీద, ఎవరికి అమ్ముతారు అన్న ప్రశ్నలు కాలిపర్ వచ్చినందువల్ల మాసిపోవు, మాసిపోకూడదు. ప్రయోగశాల మూడు వారాల్లో నమూనా చేయగలదు. పిల్ల ఎదిగినప్పుడల్లా కొత్త అచ్చు తీసే పని ఉస్తాద్ లాంటివాళ్లది, ఆ పని మూడు వారాలది కాదు, ఒక జీవితానిది. నమూనా పక్కన ఉస్తాద్ లేకపోతే అది గాజు బీరువాలో వస్తువు. అన్నిటికన్నా తేలిక కాలిపర్ చేసింది ఏ ప్రయోగశాలా కాదు, నాలుక మీద వేసిన రెండు పోలియో చుక్కలు. వాటి వల్ల ఆ కాలిపర్ బరువు సున్నా అయింది. ఈ మాట కలాం అభిమానులకు చెప్పినా నొచ్చుకోరనుకుంటాను.

మూడో రోజు జిరాక్సు కొట్టాయన తొడిగి చూడ్డానికి వచ్చాడు. వెనకవైపు నుంచి పాదం దూర్చి, పిక్కకు వెల్క్రో పట్టీ బిగించి, మీద బూటు వేసుకున్నాడు. గొట్టాల మధ్య నిలబెట్టి ఉస్తాద్ దూరం జరిగాడు. మొదటి అడుగు. అలవాటు కొద్దీ కుడిచెయ్యి తొడ మీదికి పోయింది. మోకాలు తనంతట తనే నిలబడేసరికి, చెయ్యి నొక్కాల్సింది ఏమీ లేక గాల్లోనే ఆగింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి చొక్కా గుండీ తడిమాడు, ఒకసారి జేబులో పెట్టి తీశాడు. ఉస్తాద్ కాలు చూస్తున్నాడు, నేను ఆ చేతిని చూస్తున్నాను.

అప్పుడే పక్క హోటల్ కుర్రాడు చాయ్ తెచ్చాడు. ఉస్తాద్ ఒక గ్లాసు తీసి ఆయన కుడిచేతిలో పెట్టాడు.

"భాయ్, ఆ గోడ దాకా వెళ్లి రా. చాయ్ చిందకూడదు. చిందితే మళ్లీ ఆకురాయి తీస్తా."

ఆయన గ్లాసు వంక చూశాడు, గోడ వంక చూశాడు. వెళ్లి వచ్చాడు. సాసర్ లేని గ్లాసు. ఒక్క చుక్క, వేలు మీద.

ఉస్తాద్ మళ్లీ ఆకురాయి తీశాడు.